మరమ్మతు హక్కులో అప్‌డేట్‌కూ చోటివ్వండి
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



2025 మే నెలలో మీ శాఖకు ఒక నివేదిక అందింది. కొన్న ఎలక్ట్రానిక్ వస్తువు పాడైతే దాన్ని ఎంత సులువుగా బాగుచేసుకోవచ్చో మార్కులు వేసి చెప్పే ‘రిపేరబిలిటీ ఇండెక్స్’ మన దేశంలో ఎలా ఉండాలో నిపుణుల కమిటీ అందులో సూచించింది. విప్పడం ఎంత తేలిక, రిపేరు సమాచారం బయట పెట్టారా, విడిభాగాలు సకాలంలో దొరుకుతాయా, ఏ పనిముట్లు కావాలి, ఎలాంటి స్క్రూలు వాడారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తున్నారా అన్నవి ఆ మార్కులకు ప్రాతిపదిక. తొలి విడతలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లు లేవు.

ల్యాప్‌టాప్‌లను కూడా అందులో చేర్చమని, చేర్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల విషయం మరింత లోతుగా చూడమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను తెనాలిలో కంప్యూటర్ సర్వీసింగ్ చేసుకుని బతికేవాణ్ణి. నా దగ్గరికి వచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విరిగిన భాగం గానీ, కాలిపోయిన భాగం గానీ ఉండదు. అవి అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి వస్తాయి.

వచ్చినవాళ్లు చెప్పేది దాదాపు ఒకేలా ఉంటుంది. రాత్రి ఆపేయబోతే ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ అని కనిపించింది, నొక్కారు. పొద్దున ఆన్ చేస్తే చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. లేదంటే ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది. లేదంటే చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేస్తున్నామని, కంప్యూటర్ ఆపవద్దని ఇంగ్లిష్‌లో ఒక ముక్క చూపించి మళ్లీ మొదటికొచ్చింది. మర్నాడూ అదే తంతు. ఆ ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకు వెళ్తే తరచుగా వినపడే మాట ‘ఫార్మాట్ కొట్టాలి’ అని. ఇంకో షాపులో ‘ఇది పాత మోడల్ అండీ, దీని మీద డబ్బులు పెట్టకండి, కొత్తది తీసుకోండి’ అంటారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో మీకు తెలియాలంటే అప్‌డేట్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి.

విండోస్ ముందుగా కొత్త ఫైళ్లను దింపుకుని సీ డ్రైవులో ‘సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్’ అనే ఫోల్డరులో పెట్టుకుంటుంది. మనం పని చేసుకుంటుండగానే వాటిని విప్పి సిద్ధం చేస్తుంది. అయితే వాడుకలో ఉన్న ఫైలును అప్పటికప్పుడు మార్చడం కుదరదు కాబట్టి ఆ మార్పుల్ని రీస్టార్ట్ దాకా ఆపుతుంది. రీస్టార్ట్‌లో ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతుంది. వాటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా చేసిందంతా వెనక్కి తీసి పాత స్థితికి తెస్తుంది. ఇలా వెనక్కి తీయడం రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే. కాకపోతే నిమిషానికి 5400 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ మీద ఈ పనికి గంటలు పట్టొచ్చు. డిస్క్ లైటు మినుకుమినుకుమంటున్నంతసేపూ లోపల పని నడుస్తున్నట్టే లెక్క. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి విసుగెత్తి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. సగం మారిన ఫైళ్లతో యంత్రం ఆగిపోతుంది. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

అప్‌డేట్ తెగిపోవడానికి కారణాలు కూడా లెక్కలేనన్ని ఏమీ ఉండవు. సీ డ్రైవు నిండిపోవడం, విండోస్ తన కోసం దాచుకున్న మూల ఫైళ్లు చెడిపోవడం, పాత డ్రైవరు కొత్త ఫైళ్లతో పొసగకపోవడం, యాంటీవైరస్ అడ్డుపడటం, డిస్క్‌లోనే బ్యాడ్ సెక్టార్లు రావడం. నేను చూసే కేసుల్లో ఎక్కువ భాగం ఈ అయిదింటిలోకే వస్తాయి. ప్రతి దానికీ ఒక ఎర్రర్ నంబరు ఉంటుంది. 80070070 అని వస్తే చోటు చాలలేదని, 80073712 అంటే మూల ఫైళ్లు చెడ్డాయని, సీ1900101 అని మొదలైతే ఎక్కువసార్లు డ్రైవరు గొడవని ఈ వృత్తిలో ఉన్నవాళ్లం గుర్తుపడతాం. కొన్నవాళ్లకు మాత్రం ఆ నంబరు తప్ప మరేమీ చెప్పరు. తెలుగులో మెనూలు పెట్టుకునే వీలు విండోస్‌లో ఉంది. కానీ అసలు సహాయం కావాల్సిన ఘడియలో వాళ్ల ముందుకు వచ్చేది ఒక అంకె.

ఈ మధ్య మా ఊళ్లో డీటీపీ చేసే ఒకామె తన ల్యాప్‌టాప్ తెచ్చింది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తుంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసే పని. ముహూర్తాలు దగ్గరపడ్డాయి.

“అన్నయ్యా, ఇంకో షాపులో ఫార్మాట్ కొడతామన్నారు. పార్టీల ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. అను మళ్లీ ఎక్కించుకోవాలి, పేజ్‌మేకర్ మళ్లీ వేయించుకోవాలి. భయమేసి ఇటు తెచ్చేశాను” అంది.

“ఫార్మాట్ మాట తర్వాత చూద్దాంలేమ్మా. అసలేం జరిగిందో చెప్పు” అన్నాను.

బ్యాటరీ ఎప్పుడో పోయింది, చార్జరు మీదే నడుపుతోంది. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా చుక్కలు తిరగడం, రీస్టార్ట్ కావడం, అంతే.

ముందు విండోస్ జోలికి పోకుండా లినక్స్ ఉన్న పెన్‌డ్రైవుతో బూట్ చేసి, ఆమె ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. డేటా చేతిలో ఉంటే ఆ తర్వాత ఏ ప్రయత్నానికైనా వెనకాడక్కర్లేదు. డిస్క్ ఆరోగ్యం చూస్తే బ్యాడ్ సెక్టార్లు లేవు. సీ డ్రైవులో మాత్రం రెండు జీబీ కూడా మిగల్లేదు. వాట్సాప్‌లో పార్టీలు పంపిన పెళ్లికొడుకుల, పెళ్లికూతుళ్ల ఫొటోలు డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోయి ఉన్నాయి. వాటిని డీ డ్రైవులోకి మార్చి, టెంప్ ఫైళ్లు తీసేసి, సేఫ్ మోడ్‌లోకి తెస్తే సిస్టమ్ లేచింది. అప్‌డేట్ సర్వీసులు ఆపి, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరు పేరు మార్చి, కొత్తది తయారయ్యేలా చేశాను. మూల ఫైళ్లను సరిచేసే డిజమ్ కమాండు, దాని తర్వాత ఎస్ఎఫ్‌సీ కమాండు నడిపాను. కొన్ని ఫైళ్లు బాగయ్యాయి, కొన్ని కాలేదు. చివరికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే అధికారిక ఇన్‌స్టలేషన్ ఫైలుతోనే, ‘ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచు’ అన్నది ఎంచుకుని విండోస్ మీద విండోస్ వేశాను. పాత డిస్క్ కదా, సాయంత్రం దాకా పట్టింది. పేజ్‌మేకర్ తెరిస్తే ఆమె సగంలో ఆపిన శుభలేఖ పైన వినాయకుడి బొమ్మతో సహా ఎక్కడిదక్కడే ఉంది. అను కీబోర్డు పనిచేస్తోంది. కొత్తగా కొన్న సామాను ఏమీ లేదు.

మంత్రి గారూ, ఇందులో గొప్ప విద్య ఏదీ లేదు. నేను చేసిన ప్రతి పనికీ కావాల్సిన సాధనం విండోస్‌లోనే ఉంది, లేదంటే ఉచితంగా దొరుకుతుంది. అవి ఉన్నాయని, ఈ వరుసలో వాడాలని చెప్పే మాట ఒక్కటే ఆమె తెర మీదకు రాలేదు. ‘సీ డ్రైవులో చోటు లేదు, ఈ ఫోల్డరు ఖాళీ చెయ్యండి, మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి’ అని తెలుగులో మూడు ముక్కలు కనిపించి ఉంటే ఆమెకు సగం భయం అక్కడే పోయేది.

కారణం చెప్పకపోవడమే కాదు, కారణం తప్పుగా చెప్పిన సందర్భమూ ఉంది. అది ఎవరో చెప్పుకున్న కబురు కాదు, మైక్రోసాఫ్ట్ తానే రాసి పెట్టిన విషయం. 2024 జనవరి 9న విండోస్ 10కు కేబీ5034441 అనే భద్రతా అప్‌డేట్ వచ్చింది. కంప్యూటర్ లేవనప్పుడు బాగుచేసుకోవడానికి డిస్క్‌లో రికవరీ పార్టిషన్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. యంత్రం చేజిక్కించుకున్నవాడు ఆ దారిన బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ తాళాన్ని తప్పించుకుని డేటా చూడగలిగే లోపం బయటపడితే, దాన్ని పూడ్చడానికి ఇచ్చిన అప్‌డేట్ అది. అది ఎక్కాలంటే ఆ రికవరీ భాగంలో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. చాలా కంప్యూటర్లలో అంత చోటు లేదు. ఆ భాగం సైజు ఇంత ఉండాలని కొన్నవాళ్లు నిర్ణయించలేదు. విండోస్ వేసినప్పుడు దానంతటదే ఏర్పడింది.

అప్‌డేట్ ఫెయిలయింది. తెర మీద 80070643 అని వచ్చింది. ఆ నంబరుకు అర్థం ఇన్‌స్టలేషన్ విఫలమైందని మాత్రమే. అసలు రావాల్సింది చోటు చాలలేదన్న ఎర్రర్ అని, కోడ్‌ను చూపించే భాగంలో పొరపాటు వల్ల వేరేది వస్తోందని కంపెనీయే ఒప్పుకుంది. పరిష్కారంగా ఇచ్చిన సూచనలు ఏమిటంటే: కమాండ్ ప్రాంప్ట్ తెరవండి, రికవరీని ఆపండి, డిస్క్‌పార్ట్ అనే సాధనంలోకి వెళ్లండి, విండోస్ ఉన్న భాగాన్ని 250 ఎంబీ కుదించండి, రికవరీ భాగాన్ని తొలగించండి, కొత్తది సృష్టించండి, మళ్లీ రికవరీని పనిలో పెట్టండి. తర్వాత ఒక స్క్రిప్టు కూడా ఇచ్చారు గానీ దాన్ని నడపడమూ తెలిసినవాళ్ల పనే. డిస్క్‌పార్ట్‌లో పార్టిషన్ నంబరు ఒక్కటి తప్పు కొడితే పిల్లల ఫొటోలున్న భాగం ఎగిరిపోతుంది. కొన్ని నెలల తర్వాత, విండోస్ 10లో దీనికి దానంతటదే సరిచేసే మార్గం ఇవ్వలేమని కూడా ప్రకటించారు. నెలల తరబడి మామూలు మనుషులు అప్‌డేట్ల పేజీలో ఎర్ర అక్షరాలు చూస్తూ, తమ ల్యాప్‌టాప్ పాడైందేమోనని నా లాంటివాళ్ల దగ్గరికి వచ్చారు.

అంత కష్టమైతే అప్‌డేట్లు ఆపేసుకుంటే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. ఆపకూడదు. అందుకు ఆధారం మన రాష్ట్రంలోనే ఉంది. 2017 మే 12న వనక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ పురుగు దూరిన కంతను మూసే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలైంది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. అందుకే అప్‌డేట్ ఎవరికీ ఐచ్ఛికం కాదు. ఐచ్ఛికం కానిది ఫెయిలైనప్పుడు ఆ భారం వాడేవాళ్ల మీద వదిలేయడం న్యాయం కాదు.

కంపెనీలు తలచుకుంటే ఎంత వేగంగా సాయం చేయగలవో 2024 జులైలో చూశాం. అప్పుడు తేడా చేసింది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక ఫైలు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఆగాయి కాబట్టి ఇంజనీర్లు రాత్రింబవళ్లు పనిచేశారు. రెండు మూడు రోజుల్లోనే పెన్‌డ్రైవులో వేసుకుని బాగుచేసుకునే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. అది మెచ్చుకోవాల్సిన పనే. ఒక్కొక్క ఇంట్లో, ఒక్కొక్క చిన్న షాపులో ఆగిపోయిన ల్యాప్‌టాప్‌లకు కూడా అలాంటి సాధనం, అంతే శ్రద్ధ దక్కాలి. డీటీపీ షాపు ఒకరోజు ఆగితే వార్త కాదు, కానీ ఆ ఇంట్లో ఆ రోజు సంపాదన ఉండదు.

ఇప్పుడు వయసు సంగతి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. 2015లో వచ్చిన ఓఎస్‌కు పదేళ్లు అప్‌డేట్లిచ్చారు. అది తక్కువ కాలమని నేననను. కానీ విండోస్ 11 మీదికి వెళ్లాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైన ప్రాసెసర్ ఉండాలి అని 2021లో చెప్పారు. ఏడో తరం ఐ3 ల్యాప్‌టాప్‌లు మన షోరూముల్లో 2019లో కూడా కొత్తవిగానే అమ్ముడుపోయాయి. అంటే బ్యాంకు లోన్ వాయిదాలు కట్టి కొన్నవాళ్లకు దాదాపు రెండేళ్లకే మీ యంత్రం తర్వాతి విండోస్‌కు పనికిరాదని చెప్పినట్టయింది. కొన్న రోజున ఆ ముక్క పెట్టె మీద లేదు, బిల్లులోనూ లేదు, అమ్మినవాళ్లకూ తెలియదు.

మద్దతు ముగిశాక భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, ఇచ్చే పథకం ఒకటి పెట్టారు. మన దేశంలో ఉన్నవాళ్లు దానికి సెట్టింగులను కంపెనీ క్లౌడ్‌లో బ్యాకప్ చేయాలి, లేదా రివార్డు పాయింట్లు వెయ్యి కూడబెట్టాలి, లేదా 30 డాలర్లు, లేదా అంతకు సరిపడా స్థానిక రుసుము, కట్టాలి. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే అక్కడివాళ్లకు ఆ బ్యాకప్ షరతు ఎత్తేశారు. ఖాతాతో లాగిన్ అయితే చాలు. ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే లోపం, ఒకే అప్‌డేట్. అక్కడ అడిగేవాళ్లున్నారు కాబట్టి అక్కడ తేలికైంది. మన తరఫున అడగాల్సిన శాఖ మీదే.

లినక్స్ వేసుకోవచ్చు కదా అంటారు. చాలామందికి నేనే వేసిస్తున్నాను. లినక్స్ మింట్ లాంటివి నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో, ముఖ్యంగా హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే, హాయిగా నడుస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఎంతో శ్రమపడ్డారు. ఇంటర్నెట్ చూసుకోవడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి, పిల్లల చదువుకు అది మంచి దారి. కానీ పేజ్‌మేకర్, అను మీద బతికే డీటీపీ ఆపరేటరుకు, విండోస్‌లో మాత్రమే నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే అకౌంటెంటుకు రాత్రికి రాత్రే మారిపొమ్మని చెప్పలేం. దారి ఒకటుందని చెప్పి, ఉన్న దారిని మూసేయకూడదు.

మీ శాఖ ఇప్పటికే కొన్ని మంచి పనులు చేసింది. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టారు. 1915 హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే వీలు కల్పించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు కూడా దేశంలో అమల్లో ఉన్నాయి. ఈ పునాది మీదే నేను కోరేవి ఇవి.

ఒకటి. రిపేరబిలిటీ ఇండెక్స్ రెండో విడతలో ల్యాప్‌టాప్‌లను చేర్చండి. సాఫ్ట్‌వేర్ అంశానికి మార్కులు వేసేటప్పుడు ఎన్నేళ్లు అప్‌డేట్లిస్తారన్నది మాత్రమే చూడొద్దు. ఆ అప్‌డేట్ ఫెయిలైతే డేటా పోకుండా బాగుచేసుకునే మార్గం కంపెనీ ఇస్తోందా అన్నదీ చూడండి. స్క్రూ విప్పడం ఎంత తేలికో కొలిచినట్టే ఇదీ కొలవదగిన విషయమే.

రెండు. భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో ల్యాప్‌టాప్ పెట్టె మీద ముద్రించాలని ఆదేశించండి. ఎమ్మార్పీ, తయారైన నెల, ఫిర్యాదులకు ఫోన్ నంబరు పెట్టె మీద ఉండాలన్న లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు–2011 మీ చేతిలోనివే. మందుల షీటు మీద గడువు తేదీ చూసి కొన్నట్టే దీన్నీ చూసి కొంటాం. గడువు దగ్గరపడ్డ మోడల్‌ను కొత్త ధరకు అంటగట్టడం అప్పుడు కుదరదు.

మూడు. అప్‌డేట్ ఫెయిలైతే అసలు కారణమేమిటో, ఇప్పుడేం చేయాలో, ఫైళ్లకు ప్రమాదముందో లేదో వాడేవాళ్ల భాషలో తెర మీద చెప్పాలి. నంబరు కూడా ఉండనివ్వండి, మాకు పనికొస్తుంది. కానీ నంబరు ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం ఇక చెల్లకూడదు.

నాలుగు. కంపెనీ పెట్టిన సైజు వల్లో, కంపెనీ రాసిన కోడు వల్లో అప్‌డేట్ ఎక్కకపోతే, దాన్ని సరిచేసే సాధనం కంపెనీయే ఉచితంగా ఇవ్వాలి. పార్టిషన్లు తొలగించే పనిని కొన్నవాళ్లకు అప్పగించకూడదు.

ఐదు. తాళం చెవి సంగతి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. అప్‌డేట్ తేడా చేస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కొన్న రోజు షాపు కుర్రాడు ఏ మెయిల్ ఐడీతో లాగిన్ చేశాడో చాలామందికి తెలియదు. ఆ కీ లేకపోతే ఎంతటి మెకానిక్కూ డేటా తీయలేడు. కొన్న రోజునే ఆ కీని కాగితం మీద ముద్రించి ఇవ్వడం అమ్మేవాళ్ల బాధ్యత చేయండి.

ఆరు. పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు ఐరోపాలో ఏ షరతులున్నాయో భారతదేశంలోనూ అవే ఉండేలా కంపెనీతో మాట్లాడండి. అలాగే రైట్ టు రిపేర్ పోర్టల్లో అధికారిక ఇన్‌స్టలేషన్ ఫైళ్ల చిరునామాలు, ఎర్రర్ నంబర్ల అర్థాలు, బాగుచేసే వరుస తెలుగుతో పాటు అన్ని భారతీయ భాషల్లో పెట్టించండి. 1915లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఫిర్యాదులకు విడిగా ఒక పద్దు తెరవండి. పద్దు లేని ఫిర్యాదు లెక్కలోకి రాదు.

దీనికి కంపెనీలు ఖర్చు పేరు చెప్పొచ్చు. పాత యంత్రాలన్నిటికీ కలకాలం అప్‌డేట్లిమ్మని నేను అడగడం లేదు. ఎప్పటిదాకా ఇస్తారో కొనేముందు చెప్పమంటున్నాను, ఇస్తున్నన్నాళ్లూ సక్రమంగా ఇవ్వమంటున్నాను, చెడితే నిజం చెప్పమంటున్నాను. ఇవి అదనపు వరాలు కావు. అమ్మిన వస్తువుకు అమ్మినవాళ్లు పూచీ పడటమనే పాత ధర్మమే.

ఈ లేఖ చదివే తోటి వినియోగదారులకూ ఒక మాట. డిస్క్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే పవర్ బటన్ నొక్కకండి, చార్జరు పెట్టి ఓపిక పట్టండి. సీ డ్రైవులో కనీసం ఇరవై జీబీ ఖాళీ ఉంచండి. ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్క్‌లో ఒక ప్రతి పెట్టుకోండి. ఎవరైనా ఫార్మాట్ అంటే, ‘ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచి విండోస్ మీద విండోస్ వేయడం కుదురుతుందా’ అని ముందు అడగండి. డిస్క్ బాగుంటే చాలాసార్లు కుదురుతుంది.

మంత్రి గారూ, చెడిపోయిన వస్తువును బాగుచేసుకునే హక్కు గురించి మీరు మాట్లాడుతున్నారు. చెడిపోని వస్తువును ఒక విఫలమైన అప్‌డేట్ మూలన పడేస్తుంటే ఆ హక్కు సగమే అవుతుంది. ల్యాప్‌టాప్‌లను సూచీలో చేర్చే తేదీ ప్రకటించండి. అప్‌డేట్ గడువును పెట్టె మీదికి ఎక్కించండి. ఈ రెండింటికీ కావాల్సిన అధికారం మీ శాఖకు ఉంది.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
తెనాలి